డొక్కా సీతమ్మ గారి పేరు మీద ఈ రోజు వండుతున్నది ఎవరు?

ఇప్పటిదాకా రాజులు, కోటలు, యుద్ధాల గురించి చాలానే మాట్లాడుకున్నాం. ఈ ఎపిసోడ్ మాత్రం ఒక పొయ్యి గురించి. కోనసీమలో, లంకల గన్నవరం అనే ఊళ్ళో, ఒక ఇంట్లో వెలిగిన పొయ్యి.

డొక్కా సీతమ్మ గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీ శంకరం. ఆకలితో వచ్చినవాళ్ళందరికీ బువ్వ పెట్టేవారని ఆయన్ని జనం ‘బువ్వన్న’ అని పిలిచేవాళ్ళట. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న పంతులు గారితో సీతమ్మ గారికి పెళ్ళయింది. అక్కడి నుంచి 1909లో కన్నుమూసేదాకా ఆవిడ చేసింది ఒకే పని. వచ్చినవాళ్ళకి అన్నం పెట్టడం.

అసలు ఆ ఊరికి అంతమంది ఎందుకు వచ్చేవాళ్ళు? మ్యాప్ చూస్తే అర్థమవుతుంది. గోదావరి సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలిపోతుంది. అందులో వైనతేయ పాయ గన్నవరం పక్కనుంచే వెళ్తుంది. పక్కనున్న లంకలకి వెళ్ళాలన్నా, అంతర్వేది తీర్థానికి వెళ్ళాలన్నా ఏదో ఒక పాయ దాటాలి. ఇప్పట్లా బస్సుల్లేవు, హోటళ్ళు అసలే లేవు. కాలినడక, బండి, పడవ, అంతే. వరదొస్తే అదీ ఉండదు. రేవు దగ్గర ఆగిపోయిన మనిషికి మధ్యాహ్నమైనా, అర్ధరాత్రయినా ఆకలి ఆకలే.

అన్నదాన సత్రాలు అప్పట్లోనూ ఉండేవి. కానీ చాలా చోట్ల కులం చూసి, వేళ చూసి పెట్టేవాళ్ళు. సీతమ్మ గారింట్లో ఆ రెండు ప్రశ్నలూ లేవని అక్కడివాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు.

ఆవిడ గురించి ఎక్కువగా వినపడే కథ ఢిల్లీ దర్బారుది. 1903 జనవరిలో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవం ఢిల్లీలో జరిగింది. దానికి ఆవిడకి పిలుపు వస్తే వెళ్ళలేదనీ, ‘ఫోటో అయినా పంపకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా’ అని కలెక్టరు బతిమాలితే ఒప్పుకున్నారనీ చెబుతారు. వాట్సాప్‌లో ఎక్కువ తిరిగేది కూడా ఇదే. బాగుంటుంది, కాదనను. కానీ అందులో హీరో ఎవరు? గొప్పదనానికి ముద్ర వేసేది మళ్ళీ ఆ రాజుగారే.

నాకు ఇంకో కథ నచ్చుతుంది. ఎప్పుడూ గడప దాటని సీతమ్మ గారు ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో బోయీలు అలిసిపోయి ఒక చెట్టు కింద ఆగారు. దగ్గర్లోనే ఇంకో కుటుంబం ఆగింది. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, ‘ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం సీతమ్మ గారింటికి వెళ్తే కడుపునిండా తినొచ్చు’ అని పెద్దవాళ్ళు ఊరుకోబెడుతున్నారు. ఆ మాట చెవిన పడింది. అంతే, పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు.

నేను ఇంజనీర్ని కాబట్టి నాకు ఇది వేరేగా కనపడుతుంది. సర్వర్ ఎంత పెద్దదని కాదు, యూజర్ వచ్చిన క్షణంలో పని చేస్తోందా లేదా అనేదే లెక్క. మనం దానం మన క్యాలెండర్ చూసి చేస్తాం. పుట్టినరోజనో, పెళ్ళిరోజనో, అమ్మ జ్ఞాపకార్థమనో. తప్పు కాదు, చాలా మంచిది. కానీ ఆకలి మన క్యాలెండర్ చూడదు కదండీ. సీతమ్మ గారిది ఎదుటివాళ్ళ టైమ్‌కి జరిగిన దానం. దానికోసం తన దేవుడి దర్శనం కూడా పక్కన పెట్టేశారు.

ఇక ఈ రోజుకి వద్దాం. గన్నవరం దగ్గర బ్రిటిష్ కాలంలో కట్టిన పాత అక్విడక్టు పక్కన వచ్చిన కొత్తదానికి ఆవిడ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆవిడ పేరే పెట్టారు. ఇంతకంటే సరైన పేరు దొరకదు.

కానీ ఆ పేరు మీద అన్నం వండుతున్నది ఎవరు? ఎక్కువ చోట్ల ఆ ఊరి ఆడవాళ్ళే. పొద్దున్నే వచ్చి, పొగలో నిలబడి, వందమంది పిల్లలకి వండి, వడ్డించి, గిన్నెలు కడిగి వెళ్తారు. 2009లో కేంద్రం వీళ్ళకి గౌరవ వేతనం నెలకి 1,000 రూపాయలని నిర్ణయించింది. అదీ ఏడాదిలో 10 నెలలకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాన్ని 3,000 చేశారు. నెలకి 25 రోజులు అనుకున్నా రోజుకి 120 రూపాయలు. సీతమ్మ గారు ఇష్టపడి, తన ఆస్తిలోంచి పెట్టారు. వీళ్ళది ఉపాధి. ‘అన్నపూర్ణ’ అని దండం పెట్టేస్తే జీతం ఇచ్చినట్టు కాదు. ఆవిడ పేరుకి గౌరవం అంటే ముందు ఈ లెక్క సరిచేయడం.

అది ప్రభుత్వం పని, మరి మన పని? ఒక చిన్న లెక్క చెప్తాను. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్కన తీసి పెట్టేవాళ్ళు. పిడికెడంటే 40 గ్రాములు అనుకుందాం. 365 రోజులకి 14.6 కిలోలు. ప్రాథమిక పాఠశాల పిల్లాడికి పథకంలో ఒక పూటకి ఇచ్చే బియ్యం 100 గ్రాములు. అంటే ఒక్క ఇంటి పిడికెడు ఏడాదికి 146 పూటల అన్నం. ఏ ఇల్లూ దీనివల్ల పేదదైపోదు. ఫోటో దిగేంత పెద్ద పనీ కాదు. రోజూ గుర్తుపెట్టుకుని చేయడమే కష్టం.

ఆ డబ్బా నిండాక ఎవరికి ఇవ్వాలో మీ వీధిలోనే తెలుస్తుంది. ఒంటరిగా ఉండే ముసలమ్మ కావచ్చు, పని దొరకని కూలీ కుటుంబం కావచ్చు. ఇచ్చేటప్పుడు ఆ రెండు ప్రశ్నలు మాత్రం అడగకండి. ఏ కులం అని, ఈ వేళప్పుడు ఎందుకొచ్చావని.

ఇంకో పని కూడా చేయండి. మీ ఊరి బడిలో వండే ఆవిడ పేరేంటో కనుక్కోండి. సీతమ్మ గారి పేరు మనందరికీ తెలుసు. ఈవిడ పేరు కూడా తెలియాలి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.