పాత డీఎక్స్-7 నేడును పనికివచ్చునా?

తీగ లేక, తిత్తి లేక విద్యుత్తుచే నాదము పుట్టించు వాద్యము సింథసైజరు. వానిలో జపానుదేశపు యమహావారు 1983లో వెలువరించిన డీఎక్స్-7 ఇప్పటికిని కొనదగినదా యని కొందరు వాద్యకారులు మమ్ము అడుగుచుందురు.

దాని మూలవిద్య అమెరికాలో పుట్టినది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగు 1967లో ఒక కంపనముచే మరియొక కంపనమును అతివేగముగ ఊగించి చూచెను; గంటలు, బాకాలు పలికినట్లయ్యెను. ఆ విద్యకు యమహావారు అనుమతి పొందిరి. డీఎక్స్-7కు 61 మెట్లు. ఒకేసారి 16 స్వరములు పలుకును. ప్రతి నాదమునకు ఆరు కంపన జనకములు, వానిని కూర్చుటకు 32 విధములు. ఇంత యంత్రాంగమును నడుపుటకు ఒక చిన్న తెర, కొన్ని బొత్తాములు! అందుచే పెక్కురు కంపెనీవారు నింపియిచ్చిన నాదములతోనే తృప్తిపడిరి. 1980ల పాశ్చాత్య గీతములలో ఆ ఎలక్ట్రిక్ పియానోయే మరల మరల వినబడును. వాద్యము త్వరగా పాతబడుటకు ఈ సోమరితనమే కారణమని మా తలంపు.

కేవలము ఆ ధ్వని కావలసినవారికి నేటి కంప్యూటరు చాలును. వ్రేలి వేగమును బట్టి నాదపు బిగువు మార్చు మెట్లపై తన నాదమును తానే కూర్చుకొనువానికి మాత్రము ఇది తగిన వాద్యమే. అయితే లోపలి బ్యాటరీ చల్లారిన నాడు దాచుకొన్న 32 నాదములును మాయమగును. దానిని మార్పించుటకు ముందే వానిని మిడి తీగ ద్వారా కంప్యూటరులో భద్రపరచుకొనవలెను.