తెలుగు సినిమా ఆర్థిక వ్యవస్థ

తెలుగు సినిమా ఆర్థిక వ్యవస్థ అనగా తెలుగు చలనచిత్రాల నిర్మాణం, పంపిణీ, ప్రదర్శన అనే మూడు శాఖలలోని పెట్టుబడి, ఉపాధి, ఆదాయాల వ్యవస్థ. హైదరాబాదులోని జూబ్లీ హిల్స్, దానిని ఆనుకొని ఉన్న ఫిల్మ్ నగర్ దీనికి ప్రధాన కేంద్రాలు. అర్థశాస్త్రంలోని అనేక ప్రాథమిక భావనలకు ఈ పరిశ్రమలో చక్కని ఉదాహరణలు లభిస్తాయి. సినిమాకు ఖర్చంతా ముందే అవుతుంది. దాని విలువ మాత్రం విడుదలైన తరువాతనే తెలుస్తుంది. ఈ నష్టభయాన్ని ఎవరెంత భరించాలన్నదే పరిశ్రమలోని ఒప్పందాలకూ, చాలా వివాదాలకూ మూలం.

పరిశ్రమ స్థానీకరణ

తొలి దశాబ్దాలలో తెలుగు చిత్రాలు ఎక్కువగా మద్రాసులోని కోడంబాకం, వడపళని ప్రాంతాల స్టూడియోలలో తయారయ్యేవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించడంతో ప్రేక్షకులు ఒక రాష్ట్రంలోను, పరిశ్రమ మరొక రాష్ట్రంలోను ఉండిపోయారు. హైదరాబాదు అమీర్‌పేటలో సారథి స్టూడియో ఏర్పడినా తరలింపు వెంటనే జరగలేదు. కెమెరాలు, లాబొరేటరీ, నిపుణులు, నటీనటులు అందరూ ఒకేచోట దొరకడం మద్రాసుకు ఉన్న అనుకూలత. ఒక పరిశ్రమ ఒకచోట కేంద్రీకృతమైనందువలన అందులోని సంస్థలన్నిటికీ కలిగే ఇటువంటి ప్రయోజనాలను బహిర్గత ఆదాలు అంటారు. ఈ భావనను ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు.

ప్రభుత్వం రాయితీలు, స్థలాలు ఇచ్చి ప్రోత్సహించింది. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను, నందమూరి తారక రామారావు రామకృష్ణా స్టూడియోస్‌ను 1976లో ప్రారంభించారు. తరువాత కృష్ణ కుటుంబానికి చెందిన పద్మాలయా స్టూడియోస్, దగ్గుబాటి రామానాయుడు స్టూడియో ఏర్పడ్డాయి. 1996లో నగర శివార్లలో రామోజీ ఫిల్మ్ సిటీ ప్రారంభమైంది. క్రమంగా మద్రాసుకు ఉన్న బహిర్గత ఆదాలు హైదరాబాదుకు సమకూరాయి. ఒకప్పటి రాళ్ళగుట్టలైన జూబ్లీ హిల్స్‌లో భూమి ధరలు పెరగడానికి ఇదొక కారణమైంది.

వ్యయ స్వభావం

సినిమా నిర్మాణ వ్యయం దాదాపు అంతా స్థిర వ్యయమే. చిత్రాన్ని పది మంది చూసినా, పది లక్షల మంది చూసినా అది మారదు. ఒక ప్రేక్షకుడు అదనంగా చూడడానికయ్యే ఉపాంత వ్యయం చాలా స్వల్పం. అందువలన విజయవంతమైన చిత్రానికి లాభం అపారంగా ఉంటుంది. 2017లో విడుదలైన బాహుబలి రెండవ భాగం ప్రపంచవ్యాప్త వసూళ్ళు 1,000 కోట్ల రూపాయలు దాటాయి. పరాజయం పొందిన చిత్రంపై పెట్టిన ఖర్చును తిరిగి రాబట్టే మార్గం తక్కువ.

ఫ్రాంక్ నైట్ 1921లో నష్టభయానికి, అనిశ్చితత్వానికి భేదం చూపాడు. అగ్నిప్రమాదానికి బీమా చేయవచ్చును, ప్రేక్షకుల అభిరుచికి చేయలేము. బీమా చేయ వీలులేని ఈ అనిశ్చితత్వాన్ని భరించినందుకు ప్రతిఫలమే లాభమని నైట్ సిద్ధాంతం.

పంపిణీ ప్రాంతాలు

సినిమా వ్యాపారంలో తెలుగు ప్రాంతాన్ని నైజాం, సీడెడ్, ఆంధ్ర అని విభజిస్తారు. తెలంగాణను నైజాం అంటారు. 1800 సంవత్సరంలో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన జిల్లాలు దత్తమండలం. వీటికే 1928లో రాయలసీమ అనే పేరు వచ్చింది. రాజకీయ పటం నుండి తొలగిపోయిన ఆ పాత పేర్లు సినిమా వ్యాపారంలో నిలిచిపోయాయి.

ఒప్పందాలు

నిర్మాతకు, పంపిణీదారుకు మధ్య ప్రధానంగా మూడు పద్ధతులు ఉన్నాయి.

- ఔట్‌రైట్: పంపిణీదారు ఒక ప్రాంతపు హక్కులను పూర్తిగా కొంటాడు. లాభనష్టాలు రెండూ అతనివే.
- మినిమం గ్యారంటీ: పంపిణీదారు కనీస మొత్తం చెల్లిస్తాడు. తగ్గితే నష్టం అతనిది. ఆ మొత్తానికి మించి వస్తే ఒప్పందం ప్రకారం పంచుకుంటారు.
- కమీషన్: పంపిణీదారు అడ్వాన్సు ఇచ్చి, కమీషన్ తీసుకొంటాడు. నష్టం నిర్మాతది.

థియేటరు యజమానికి కూడా అద్దె, శాతం అనే రెండు పద్ధతులు ఉన్నాయి. అద్దె పద్ధతిలో అతని రాబడి స్థిరం, శాతం పద్ధతిలో వసూళ్ళను బట్టి మారుతుంది. శాతం పద్ధతి కావాలని కోరుతూ 2025 జూన్ 1 నుండి థియేటర్లు మూసివేస్తామని యజమానులు ప్రకటించి, తరువాత విరమించుకున్నారు.

వసూళ్ళు, పన్నులు

టికెట్ల అమ్మకపు మొత్తం గ్రాస్. అందులో పన్ను తీసివేయగా మిగిలినది నెట్. నెట్‌లో థియేటరు భాగం పోగా మిగిలినది షేర్. ఒక చిత్రం లాభించినదా లేదా అన్నది గ్రాస్‌ను బట్టి కాక షేర్‌ను బట్టి నిర్ణయించాలి.

రాష్ట్రాలు వసూలు చేసిన వినోదపు పన్ను 2017 జూలై 1న వస్తుసేవల పన్నులో విలీనమైంది. స్థానిక సంస్థలు విధించే వినోదపు పన్నుకు మాత్రం రాజ్యాంగంలో అవకాశం మిగిలింది. 2025 సెప్టెంబరు 22 నుండి 100 రూపాయల వరకు టికెట్లపై 5 శాతం, అంతకు మించితే 18 శాతం పన్ను ఉన్నది.

టికెట్ ధరలపై రాష్ట్ర ప్రభుత్వాలు గరిష్ఠ పరిమితి విధిస్తాయి. పెద్ద చిత్రాలకు తొలి రోజులలో ధర పెంచుకొనే అనుమతి ఇస్తూ వచ్చాయి. అభిమానుల డిమాండు ఆ రోజులలో అవ్యాకోచంగా ఉంటుంది, అనగా ధర పెరిగినా అంతగా తగ్గదు. పరిమితి మార్కెట్ ధర కంటే తక్కువైతే బ్లాకు టికెట్లు పుడతాయి.

కార్మికులు

లైట్‌మెన్, మేకప్, కాస్ట్యూమ్స్, జూనియర్ ఆర్టిస్టులు మొదలగు విభాగాలను 24 క్రాఫ్టులు అని వ్యవహరిస్తారు. వీరిలో అనేకులు జూబ్లీ హిల్స్ సమీపంలోని కృష్ణానగర్‌లో నివసిస్తారు. కార్మికులకై మణికొండ వద్ద చిత్రపురి కాలనీ ఏర్పడింది. సినిమాల సంఖ్యను బట్టి కార్మికుల అవసరం ఉంటుంది కనుక వీరి శ్రమకు ఉండేది ఉత్పన్న డిమాండు.

2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని కార్మికులు సమ్మె చేశారు. మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతం పెంపుకు అంగీకారం కుదిరి సమ్మె ముగిసింది. అయితే దినవేతన కార్మికుని ఆదాయం కూలి రేటుపైననే కాక పని దినాలపై కూడా ఆధారపడుతుంది. ఉదాహరణకు రోజుకు 1,000 రూపాయల చొప్పున నెలకు 12 రోజులు పనిచేస్తే 12,000 వస్తుంది. రేటు 1,225కు పెరిగి పని దినాలు 9కి తగ్గితే వచ్చేది 11,025 మాత్రమే. లాభంలో వాటా లేకపోయినా, షూటింగు ఆగినప్పుడు ఆదాయాన్ని కోల్పోయేది కార్మికుడే. ఒప్పందపత్రాలలో కనిపించని నష్టభయం ఇది.

పోటీ పరీక్షలకు ముఖ్యాంశాలు

- సినిమాకు పరిశ్రమ హోదాను కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సంవత్సరం: 1998.
- వస్తుసేవల పన్నుకు సంబంధించిన రాజ్యాంగ సవరణ: 101వది.
- సినిమాలకు ధ్రువీకరణ ఇచ్చే చట్టం: సినిమాటోగ్రాఫ్ చట్టం, 1952.
- ఉత్పత్తి కారకాలు: భూమి, శ్రమ, మూలధనం, వ్యవస్థాపన. వీటి ప్రతిఫలాలు వరుసగా భాటకం, వేతనం, వడ్డీ, లాభం.