పెద్దల ముందు పెళ్లి కోర్టులో నిలుస్తుందా?

మన త్రిపురాంతకం వైపు చెంచు గూడేల్లో, సుగాలీ తండాల్లో చాలా పెళ్లిళ్లకి పెద్దలే సాక్షులు. కాగితం ఉండదు. భర్త పోయాక భూమి తగాదా వస్తే ఆ పెళ్లి నిలుస్తుందా?

1868లోనే రామనాడు దత్తత కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది: ఆచారం స్పష్టంగా రుజువైతే శాస్త్రం కన్నా అదే ఎక్కువ. 1955 హిందూ వివాహ చట్టం, 1956 వారసత్వ చట్టం కేంద్రం నోటిఫై చేస్తే తప్ప ఎస్టీలకి వర్తించవు. మనకి ఆచారమే ఆధారం.

కానీ రుజువు చేయాల్సింది మనమే. 2001లో సంతాల్ భర్త రెండో పెళ్లి మీద భార్య వేసిన కేసుని సుప్రీంకోర్టు కొట్టేసింది. అది చెల్లదనే ఆచారాన్ని ఆమె రుజువు చేయలేకపోయింది. 1978లో ఒక భూమి కేసులో మాత్రం, 50 ఏళ్లు కలిసి కాపురం చేసినవాళ్లని భార్యాభర్తలుగానే ఒప్పుకుంది.

కాబట్టి పెద్దలు ఉండగానే మన పెళ్లి పద్ధతులు అడిగి రాసిపెడదాం.