ప్రింటు వేసే చెయ్యి

డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే నిరాశ ఒకటుంది. తెరమీద కళకళలాడిన బొమ్మ కాగితం మీదికి వచ్చేసరికి నల్లబడిపోతుంది. మొహాలు ఎర్రగానో పాలిపోయినట్టో ఉంటాయి. పట్టుచీర జరీ గీతలన్నీ కలిసిపోయి పసుపు పట్టీలా కనిపిస్తాయి. లోపం కెమెరాదేననుకుని చాలామంది మరిన్ని మెగాపిక్సెళ్లున్న కెమెరా కొంటారు. ప్రింటు మాత్రం మళ్లీ అలాగే వస్తుంది. నూట ఎనభై ఏళ్లు దాటిన ఫొటోగ్రఫీ చరిత్రను ప్రింటు వైపు నుంచి చదివితే ఇందులో వింతేమీ కనిపించదు. మంచి ప్రింటు ఏ కాలంలోనూ కెమెరాలోంచి నేరుగా ఊడిపడలేదు. కెమెరాకూ కాగితానికీ మధ్య కూర్చున్న ఒక మనిషి తన కంటితో, చేత్తో, అనుభవంతో తీసుకున్న నిర్ణయాల వల్ల వచ్చింది. డిజిటల్ వచ్చాక ఆ పని ఎక్కడికీ పోలేదు. చేసే మనిషే మారాడు. ఫొటో తీసినవాళ్ల నెత్తిమీదికే అది వచ్చి పడింది. అంతకుముందు ఆ పని చేసినవాళ్ల విద్య మాత్రం వాళ్లకు అందలేదు.

మొదటినుంచీ చూద్దాం. ఫ్రాన్సులో దగేర్ 1839లో లోకానికి చూపించిన పద్ధతిలో వెండిపూత రేకు మీద ఒక్క బొమ్మే వచ్చేది, దానికి నకలు లేదు. ఇంగ్లండులో టాల్బట్ 1841లో పేటెంటు తీసుకున్న కేలోటైప్ పద్ధతిలో ముందు కాగితం మీద నెగటివ్ వస్తుంది, దాన్నుంచి ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు. ప్రింటు వేయడం అనే వృత్తి పుట్టింది అక్కడే. 1844లో రెడింగ్ పట్నంలో టాల్బట్ దగ్గర అంతకుముందు పనిచేసిన హెనెమాన్ ప్రింట్లు వేసే కార్ఖానా తెరిచాడు. 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' అనే టాల్బట్ పుస్తకంలో అతికించిన బొమ్మలు అక్కడ వేసినవే. కొన్నేళ్లకే వాటిలో చాలా పసుపుపచ్చగా మారి వెలిసిపోయాయి. ఆ గోల ఎంత పెద్దదైందంటే 1855లో లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ దీనికోసమే ఒక కమిటీ వేసింది, రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ దాని ఖర్చుకు యాభై పౌండ్లు ఇచ్చాడు. కమిటీ తేల్చిన కారణాల్లో కటకం ఊసు లేదు. బొమ్మను స్థిరపరచే హైపో రసాయనం కాగితంలో మిగిలిపోవడం, సరిగా కడగకపోవడం, గాలిలో తేమ, గంధకం: ఇవీ కారణాలు. బంగారు లవణంతో టోనింగు, అంటే ప్రింటు రంగు మార్చి నిలకడ పెంచే పని, చేయమని సిఫారసు చేసింది. అంటే ఫొటోగ్రఫీ పుట్టిన పదిహేనేళ్లకే నాణ్యత గురించిన చర్చ నీళ్ల తొట్టి దగ్గరికి చేరింది.

1850లో ఫ్రాన్సుకు చెందిన బ్లాంకార్ ఎవ్రార్ కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని పరిచయం చేశాడు. ఆల్బుమెన్ కాగితమనే ఆ రకం 1890ల దాకా రాజ్యమేలింది. దానిమీద ప్రింటు వేసే తీరును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే నా వాదనకు అంతకు మించిన సాక్ష్యం లేదు. గాజు నెగటివ్‌నూ కాగితాన్నీ చెక్క ఫ్రేములో ఒకదానికొకటి ఆనించి బిగించి ఎండలో పెడతారు. కాగితం కళ్లముందే నల్లబడుతూ వస్తుంది. ఫ్రేము వెనక చెక్కకు మధ్యలో మడతబందు ఉంటుంది. సగం చెక్క విప్పి, కాగితం అంచు లేపి చూసి, చాలకపోతే మళ్లీ మూసి ఎండలో పెట్టాలి. మిగతా సగం బిగించే ఉంటుంది కాబట్టి కాగితం కదలదు. చూడ్డానికి సరిగ్గా ఉందనిపించినప్పుడు ఆపితే ప్రింటు చెడినట్టే. తర్వాత టోనింగులో, హైపోలో అది కొంత పలచబడుతుంది. అందుకే కావాల్సినదానికన్నా ముదురుగా వచ్చేదాకా ఉంచాలి. ఎంత ముదురు? ఆ రోజు ఎండను బట్టి, ఆ నెగటివ్‌ను బట్టి, ఆ కాగితం తయారీని బట్టి ఉంటుంది. అప్పటికి లేని రంగును ముందే ఊహించి ఆపగలిగిన చెయ్యిదే మంచి ప్రింటు.

మన గడ్డమీద ఈ విద్య శిఖరం చూసింది సికింద్రాబాదులో. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదువుకున్న లాలా దీన్‌దయాళ్ ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. 1880ల్లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ఒక ఆంగ్ల మహిళ ఆధ్వర్యంలో జనానా స్టూడియో కూడా తెరిచాడు. నిజాం ఆయనకు 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చాడు. దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన స్టూడియోకు చెందిన 2857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. ఆ కాలంలో నెగటివ్ ఎంత ఉంటే ప్రింటూ అంతే, కాగితాన్ని ఆనించి వేసేదే కాబట్టి. గాజుపలక ప్రింటంత పెద్దదైనప్పుడు ఇవాళ మనం మెగాపిక్సెళ్లని చెప్పుకునే వివరం అందులో కావలసినంత కంటే ఎక్కువే ఉంటుంది. అయినా ఒకే పలకనుంచి ఒక ప్రింటు ముదురు గోధుమ రంగు ఛాయల్లో నిండుగా రావచ్చు, ఇంకొకటి ఎండుటాకులా రావచ్చు. వివరం రెండింటిలోనూ సమానం. తేడా తెచ్చింది వేసిన చెయ్యి.

ఇరవయ్యో శతాబ్దంలో జెలటిన్ పూత కాగితాలూ ఎన్‌లార్జరూ వచ్చాక పని ఎండలోంచి ఎర్రదీపం వెలిగే చీకటి గదిలోకి మారింది, కానీ తీరు మారలేదు. మన ఊళ్ల స్టూడియోల్లో నెగటివ్ మీద సన్నని పెన్సిలుతో మచ్చలు పూడ్చేవాళ్లు. ప్రింటు మీద రంగులు అద్దేవాళ్లు. కాంట్రాస్టును బట్టి కాగితం గ్రేడు ఎంచుకునేవాళ్లు. కాగితం ముక్క మీద కొన్ని కొన్ని సెకన్ల తేడాతో వెలుగు పడనిచ్చి, ఆ చారల్లో ఏది బాగుందో చూసి అసలు ప్రింటు వేసేవాళ్లు. 1960లో ప్రభుత్వరంగంలో ఏర్పడిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ ఊటీలో తయారుచేసిన 'ఇందు' సరుకు మీద ఒక తరం స్టూడియోవాళ్లు ఇదంతా చేశారు. అమెరికాలో ఇదే పనిని కళగా ప్రపంచానికి చూపినవాడు ఆన్సెల్ ఆడమ్స్. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం మీద చంద్రోదయాన్ని ఆయన తీసిన ఫొటో చాలా ప్రసిద్ధం. ఆ నెగటివ్‌లో నేల భాగం పలచగా ఉండేది. 1948లో రసాయనంతో దాన్ని కాస్త చిక్కబరిచాడు. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగులో, మబ్బు చారలతో ఉంటుంది. తర్వాతి ప్రింట్లలో అదే ఆకాశం దాదాపు కటిక నలుపు. నెగటివ్ ఒక్కటే, వేసిందీ ఒక్కడే, ముప్పై ఏళ్లలో బొమ్మ మారిపోయింది. ఏది అసలైనదని అడగడంలో అర్థం లేదు.

రంగుల ఫొటో ఈ చేతిని జనం కంటికి కనబడకుండా చేసింది. రంగుల రసాయనాల ఉష్ణోగ్రత చిన్న స్టూడియోకు అదుపులో ఉండేది కాదు కాబట్టి రీళ్లు నగరంలోని కలర్ ల్యాబుకు వెళ్లేవి. 1970ల చివరినుంచి జపాన్ కంపెనీల మినీల్యాబు యంత్రాలు వచ్చి, గంటలో ప్రింటు చేతికిచ్చే దుకాణాలు వెలిశాయి. బయటినుంచి చూస్తే అంతా యంత్రమే. లోపల మాత్రం ఆపరేటరు ప్రతి నెగటివ్‌నూ క్షణకాలం చూసి, సయాన్, మెజెంటా, పసుపు, డెన్సిటీ (ముదురుదనం) మీటలు నొక్కేవాడు. అతను లేకుండా ఆ యంత్రం ఏం చేసేదో తెలుసుకోవడం అవసరం. దాని వెనక ఉన్న సూత్రం 1940ల్లో కొడాక్ పరిశోధకుడు రాల్ఫ్ ఎవాన్స్ ప్రతిపాదించింది: ఏ దృశ్యంలోనైనా రంగులన్నీ కలిపేస్తే సగటున బూడిదరంగు వస్తుంది, కనుక ప్రతి ప్రింటునూ ఆ సగటుకు తెస్తే చాలు. మామూలు దృశ్యాలకు ఇది బాగానే పనిచేస్తుంది. మన పెళ్లి ఫొటోకు పనిచేయదు. మధుపర్కాల తెలుపు ఫ్రేమంతా నిండి ఉంటే యంత్రం ఆ తెలుపును బూడిదరంగుకు దించుతుంది, దాంతోపాటు మొహాలూ నల్లబడతాయి. వెనక బంతిపూల పందిరి ఉంటే దాని పసుపును విరచడానికి బొమ్మంతటికీ నీలం కలుపుతుంది, పెళ్లికూతురి చెంపలకు కూడా. ల్యాబు వృత్తిలో ఈ లోపానికి 'సబ్జెక్ట్ ఫెయిల్యూర్' అని పేరే ఉంది. పెళ్లి ఆల్బం బాగా వచ్చిందంటే మీట దగ్గర కూర్చున్నవాడు యంత్రం మాట వినలేదన్నమాట.

యంత్రాన్ని సరిచూసుకోవడానికి కొడాక్ ల్యాబులకు పంపిన నమూనా కార్డు కథ కూడా ఇందులో భాగమే. ఆ కార్డు మీద ఒక తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. మొదటి మోడల్ పేరు మీద వాటిని 'షర్లీ కార్డు'లనేవాళ్లు. ఆమె చర్మం సరిగా కనిపిస్తే యంత్రం సరిగా ఉన్నట్టు లెక్క. చామనఛాయ, నలుపు మొహాల్లో వివరం పోతే పట్టించుకునే కొలత ఏదీ ఆ కార్డులో లేదు. పలు వర్ణాల మనుషులున్న కార్డులు వచ్చింది 1990ల్లోనే. ప్రామాణికమని చెప్పే ప్రతి అమరిక వెనకా ఎవరిదో ఒక నిర్ణయం ఉంటుందని గుర్తించకపోతే, ఆ నిర్ణయం మనకు తెలియకుండానే మన మొహాల మీద అమలవుతుంది. ఇది చిన్న విషయం కాదు.

ఇక డిజిటల్. 1990ల రెండో సగంలో వచ్చిన డిజిటల్ మినీల్యాబులు ఫైలులోని అంకెలను ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లుగా మార్చి పాత వెండి లవణాల కాగితం మీదే వేశాయి. కాగితం, రసాయనం రెండూ పాతవే. మారింది మీట నొక్కేవాడి స్థానం. అతని తీర్పు ప్రొఫైళ్లనే అంకెల పట్టికలుగా మారింది. రంగుల నిర్వహణకు అంతర్జాతీయ సంఘం ఐసీసీ 1993లో ఏర్పడింది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణాన్ని ప్రతిపాదించాయి. అది అప్పటి గాజు తెరల మానిటర్లు చూపగల రంగుల ఆధారంగా తయారైంది, కాగితాన్ని చూసి తయారైంది కాదు. కెమెరాలో అంతకన్నా విశాలమైన అడోబ్ ఆర్‌జీబీ ఎంచుకుని, ఎస్‌ఆర్‌జీబీ అని భావించే ల్యాబుకు ఆ ఫైలు ఇస్తే రంగులన్నీ నీరసంగా వస్తాయి. కెమెరా తప్పు లేదు, ల్యాబు యంత్రం తప్పూ లేదు. ఆ రెండింటి మధ్యా దుబాసీ పని చేసేవాళ్లు లేరు. తెర సొంత వెలుగుతో మెరుస్తుంది. అందులో తెలుపుకూ నలుపుకూ మధ్య వెయ్యి రెట్ల తేడా మామూలు. మంచి గ్లాసీ కాగితం మీద అది వందా రెండొందల రెట్లకు మించదు, మ్యాట్ కాగితం మీద ఇంకా తక్కువ. తెర వెలుగు బాగా పెంచుకుని, దాన్ని చూస్తూ ఫొటో దిద్దితే ప్రింటు నల్లగా రాక ఏమవుతుంది?

మెగాపిక్సెళ్లకు అసలు విలువే లేదా అని అడగొచ్చు. ఉంది, కానీ దానికో హద్దుంది. అడుగు దూరంనుంచి చూసే ప్రింటులో అంగుళానికి 300 చుక్కలకు మించితే మామూలు కన్ను విడదీసి చూడలేదు. 6000×4000 పిక్సెళ్ల ఫైలు, అంటే 24 మెగాపిక్సెళ్లు, ఆ లెక్కన 20 అంగుళాల వెడల్పు ప్రింటుకు సరిపోతుంది. మామూలు ఆల్బంలో అతికించే ప్రింట్లు అందులో సగం కూడా ఉండవు. అసలు నష్టం వేరేచోట జరుగుతోంది. వాట్సాప్‌లో మామూలుగా ఫార్వర్డు అయి, కుదించుకుపోయిన ఫొటోను 12×18 సైజులో వేయమంటే ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా లాభం లేదు. నాలుగు, మూడు నిష్పత్తిలో తీసిన బొమ్మను 4×6 కాగితం మీద వేస్తే పైనో కిందో తల తెగుతుంది. ఎక్కడ కత్తిరించాలో మనం చెప్పకపోతే యంత్రమే తేలుస్తుంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. యంత్రాల సగటు పనితనం పెరిగింది. మొహాలను గుర్తుపట్టి రంగు సరిచేసే సాఫ్ట్‌వేరు ఈనాటి ల్యాబుల్లో ఉంది. వెనకటి ల్యాబుల్లో అశ్రద్ధగా వేసిన ప్రింట్లకు లెక్కలేదు. కనుక పాత కాలాన్ని పొగడ్డం దేనికి? అశ్రద్ధ గురించిన మాట నిజమే, సగటు పెరిగిన మాటా నిజమే. నా వాదన పాతది గొప్పదని కాదు. సగటును ఎంత మెరుగుపరిచినా అది సగటే. ఫొటో ఏమై ఉండాలో ఆ ఫొటో తీసినవాళ్లకే తెలుసు. సంధ్యాసమయం ఎర్రదనం దోషమని యంత్రం అనుకుంటే దాన్ని కడిగేస్తుంది. అందుకే శ్రద్ధ ఉన్నవాళ్లు ఆటోమేటిక్ కరెక్షన్ తీసేయమని ల్యాబుకు చెబుతారు. కాగితం ప్రొఫైలు అడుగుతారు. పెద్ద సైజు వేసే ముందు డెన్సిటీ కాస్త కాస్త మార్చి నాలుగైదు చిన్న ప్రింట్లు తీయించి పగటి వెలుగులో చూస్తారు.

నాణ్యమైన డిజిటల్ ప్రింటుకు దారి తీసినవాళ్లు కూడా ఇలా యంత్రంతో రాజీపడనివాళ్లే. సంగీతకారుడు గ్రాహం నాష్, ఆయన సహచరుడు మాక్ హోల్బర్ట్ 1991లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో ఒక ప్రింటు స్టూడియో తెరిచారు. ముద్రణాలయాల్లో ప్రూఫులు తీయడానికి చేసిన ఐరిస్ 3047 అనే యంత్రాన్ని 1,26,000 డాలర్లకు కొని, మందపాటి ఆర్టు కాగితం మీద వేసేలా దాన్ని మార్చారు. ప్రింట్లు అద్భుతంగా వచ్చాయి. ఆ సిరాలు మాత్రం త్వరగా వెలిసిపోయేవి. పాత రంగుల ప్రింట్లు ఎందుకు, ఎంత వేగంగా వెలుస్తాయో ఏళ్ల తరబడి పరిశోధించి 1993లో పెద్ద గ్రంథం ప్రచురించిన హెన్రీ విల్‌హెల్మ్ ఈ సిరాలనూ పరీక్షకు పెట్టాడు. 2000 ప్రాంతంలో కొన్ని ఇంక్‌జెట్ కాగితాల మీద వేసిన బొమ్మలు గాలిలోని ఓజోను తగిలి వారాల్లో నారింజ రంగుకు తిరిగాయి. 1855 నాటి కమిటీ ముందున్న ప్రశ్నే మళ్లీ వచ్చింది. రంగు ద్రవంలో కరిగి ఉండే డై సిరాల స్థానంలో రంగుపొడి కణాలుండే పిగ్మెంట్ సిరాలు వచ్చాక గానీ ఆ బెడద తగ్గలేదు. అయినా ఈనాటి ఇళ్లలోని చౌక ప్రింటర్లలో చాలావరకు ఉన్నది డై సిరానే. గోడకు తగిలించాల్సిన ఫొటో అయితే అద్దం బిగించి, ఎండ నేరుగా పడని గోడ చూసుకోవాలి. ఏ సిరా, ఏ కాగితం అని ల్యాబువాళ్లను అడిగి, ఆ వివరం పెన్సిలుతో ప్రింటు వెనక రాసి ఉంచుకోవాలి.