మిథనాల్ డ్రమ్ము మీది మూడు బొమ్మలు

జీడిమెట్ల కానివ్వండి, పటాన్‌చెరు కానివ్వండి, అనకాపల్లి దగ్గరి పరవాడ కానివ్వండి, బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ సాల్వెంట్ యార్డులో మిథనాల్ డ్రమ్ములు లేకపోవడం అరుదు. మందు ముడిసరుకును కరిగించడానికి, స్ఫటికాలుగా దించడానికి, కడగడానికి ఇదే చవకైన ద్రావకం. డ్రమ్ము మీద ఎర్రటి చట్రాల్లో మూడు బొమ్మలుంటాయి: మంట, పుర్రె, ఛాతీ మీద నక్షత్రంలా పగులు పడిన మనిషి. పక్కనే 'డేంజర్' అన్న మాట, యూఎన్ 1230 అన్న నంబరు. ఈ మూడు బొమ్మలూ ఒకే డ్రమ్ము మీదికి చేరడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. అజ్ఞానం అందులో కొంత భాగమే. ఈ ద్రవాన్ని చూసిన ప్రతి శాఖా తన పనికొచ్చే ఒక్క గుణాన్నే చూసింది. ఖజానాకు పన్ను కనిపించింది, ఫైర్ వాళ్లకు మంట కనిపించింది, రవాణా వాళ్లకు ట్యాంకర్ కనిపించింది. తాగేవాడూ, పీల్చేవాడూ చివర్లో కనిపించారు.

కట్టెను గాలి తగలకుండా కాల్చితే బొగ్గుతో పాటు కొంత ద్రవం దిగుతుంది. అందులోంచి మిథనాల్ అనే ఈ 'స్పిరిట్'ను వేరుచేసిన సంగతిని రాబర్ట్ బాయిల్ 1661లోనే రాశాడు. దాని రసాయన కూర్పు తేలడానికి మాత్రం 1834 దాకా ఆగాల్సి వచ్చింది. తేల్చినవాళ్లు ఫ్రాన్సుకు చెందిన డ్యూమా, పెలిగో. అప్పటికే టోపీలు చేసేవాళ్లు, వార్నిష్ పూసేవాళ్లు, దీపాలు వెలిగించేవాళ్లు ఈ కట్టె స్పిరిట్‌ను వాడుతున్నారు.

దీనికి మొదటి వర్గీకరణ చేసింది వైద్యుడూ కాదు, రసాయన శాస్త్రవేత్తా కాదు. బ్రిటిష్ ఖజానా. తాగే ఆల్కహాల్ మీద పన్ను భారీగా ఉండేది. పరిశ్రమలకేమో పన్ను లేని ఆల్కహాల్ కావాలి. 1855లో చట్టం ఒక దారి చూపింది: తొమ్మిది పాళ్ల ఆల్కహాల్‌లో ఒక పాలు కట్టె నాఫ్తా, అంటే ముడి కట్టె స్పిరిట్, కలిపితే పన్ను ఉండదు. అదే మెథిలేటెడ్ స్పిరిట్. ముడి కట్టె నాఫ్తాకు భరించలేని వాసన, నోట పెట్టలేని రుచి. ఎవరూ తాగరన్నది లెక్క. అమెరికా కూడా 1906లో ఇదే బాట పట్టింది. ఈ ఏర్పాటులో మిథనాల్ ప్రమాదం కాదు, అది ప్రభుత్వం పెట్టిన కాపలాదారు. విషాన్నే కాపలా పెట్టిన ఈ ఆలోచన తర్వాత ఎంతమందిని బలిగొందో ముందు ముందు చూస్తాం.

కాపలా పనిచేసినంతకాలం వాసన వల్లే పనిచేసింది. 1890లలో అమెరికాలో కట్టె స్పిరిట్‌ను వాసన లేకుండా శుద్ధి చేయడం నేర్చుకున్నారు. 'కొలంబియన్ స్పిరిట్స్' వంటి పేర్లతో అది మార్కెట్‌లోకి వచ్చింది. చూడటానికి మామూలు ఆల్కహాల్‌కూ దీనికీ తేడా లేదు, ధర మాత్రం తక్కువ. ఎసెన్సుల్లో, తలకు రాసుకునే లోషన్లలో, కీళ్లనొప్పుల తైలాల్లో, చివరికి సారాలో కూడా దీన్ని కలిపారు. 1904లో కేసీ వుడ్, ఫ్రాంక్ బుల్లర్ అనే ఇద్దరు కంటి వైద్యులు చూపు పోయిన, ప్రాణం పోయిన కేసులను వందల్లో సేకరించి అమెరికన్ వైద్య పత్రికలో ప్రచురించారు. తాగినవాళ్లే కాదు, పీల్చినవాళ్లూ అందులో ఉన్నారు. బీరు పీపాల లోపలికి దిగి, కట్టె స్పిరిట్‌లో కరిగించిన లక్క వార్నిష్‌ను గోడలకు పూసే కూలీలు గాలి ఆడని ఆ పీపాల్లో ఆవిరి పీల్చి గుడ్డివాళ్లయ్యారు, కొందరు చనిపోయారు. మూసిన ట్యాంకులోకి మనిషిని దింపేముందు గాలి పరీక్షించాలన్న నేటి నియమం వెనుక ఇలాంటి చావులు ఉన్నాయి. 1911 క్రిస్మస్ రోజుల్లో బెర్లిన్ నగరపాలక సత్రంలో తలదాచుకున్న నిరుపేదల్లో డెబ్బై మందికి పైగా కల్తీ మద్యం వల్ల ప్రాణాలు కోల్పోయారు.

ఇంత జరిగాక కూడా దశాబ్దాల పాటు ఒక వాదం నడిచింది: మిథనాల్ స్వతహాగా విషం కాదు, అందులోని మలినాలే విషం. ఈ వాదానికి ప్రయోగశాల కూడా వంతపాడింది. ఎలుకకు, కుందేలుకు మిథనాల్ ఇస్తే మత్తు వచ్చేది కానీ కళ్లు పోయేవి కావు. అసలు సంగతి ఇది. మిథనాల్ శరీరంలోకి వెళ్లాక కాలేయంలోని ఎంజైమ్ దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఎలుక ఆ ఆమ్లాన్ని త్వరగా వదిలించుకుంటుంది. మనిషి వదిలించుకోలేడు. పేరుకున్న ఆమ్లం కణాల ఊపిరిని ఆపేస్తుంది, ముందుగా దెబ్బతినేది కంటి నరం. 1940లలో నార్వేకు చెందిన ఓలుఫ్ రో రక్తంలోని ఆమ్లత్వానికీ చూపు పోవడానికీ ఉన్న సంబంధాన్ని చూపాడు. 1955లో కోతులపై జరిగిన ప్రయోగాలు మనిషిలో కనిపించే లక్షణాలనే చూపించాయి. తప్పు జంతువును పరీక్షించి సురక్షితమని తేల్చడం ఎంత ఖరీదైన పొరపాటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

విరుగుడు కూడా ఈ యంత్రాంగంలోంచే పుట్టింది. ఆ ఎంజైమ్‌కు మిథనాల్ కంటే మామూలు ఆల్కహాలే ఎక్కువ ఇష్టం. కాబట్టి వైద్యుడు దాన్నే ఎక్కించి ఎంజైమ్‌ను పనిలో పెడతాడు, ఈలోగా డయాలిసిస్ మిథనాల్‌ను తోడేస్తుంది. ఫోమెపిజోల్ అనే మందుకు 2000లో మిథనాల్ విషానికి అమెరికాలో అనుమతి దొరికింది. ఇబ్బంది అంతా సమయంతోనే. విషం తాగిన పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల వరకు మనిషి మామూలుగా తాగినవాడిలానే కనిపిస్తాడు. చూపు మసకబారి ఆసుపత్రికి వచ్చేసరికి ఆమ్లం పేరుకుపోయి ఉంటుంది. పది మిల్లీలీటర్లు కూడా కళ్లు పోగొట్టవచ్చు, ముప్పై మిల్లీలీటర్లకే ప్రాణం పోవచ్చు.

ఖజానా కథకు తిరిగొద్దాం. అమెరికాలో మద్యనిషేధం అమలవుతున్న రోజుల్లో పారిశ్రామిక ఆల్కహాల్‌ను దొంగిలించి శుద్ధి చేసి అమ్ముకోవడం పెద్ద వ్యాపారమైంది. 1926 చివర్లో ప్రభుత్వం దానికి సమాధానంగా మిథనాల్ మోతాదును మరింత పెంచింది. తాగేవాళ్లు తగ్గలేదు, చచ్చేవాళ్లు పెరిగారు. న్యూయార్క్ ప్రధాన వైద్య పరీక్షకుడు చార్లెస్ నోరిస్, ఆయన ప్రయోగశాల అధిపతి అలెగ్జాండర్ గెట్లర్ శవపరీక్షల లెక్కలతో ప్రభుత్వాన్ని బహిరంగంగా తప్పుపట్టారు. తెలిసి తెలిసి కలిపిన విషానికి బాధ్యత ఎవరిదన్నది వాళ్ల ప్రశ్న. ఆ కాలానికి అది చాలా ధైర్యం.

ఇదే దశాబ్దంలో కట్టెతో పని తీరిపోయింది. 1923లో జర్మనీలోని లాయినాలో బీఏఎస్‌ఎఫ్ కంపెనీ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లను వందల రెట్ల వాతావరణ పీడనంలో కలిపి మిథనాల్ తయారుచేసింది. 1966లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ రాగి ఉత్ప్రేరకంతో తక్కువ పీడనంలో సాధించడంతో ధర మరింత దిగింది. బొగ్గు బట్టీల ఉప ఉత్పత్తి కాస్తా ప్రపంచవ్యాప్తంగా ట్యాంకర్లలో, ఓడల్లో తిరిగే సరుకైంది.

సరుకు పెరిగాక ఫైర్ వాళ్ల వంతు వచ్చింది. అమెరికా అగ్నినివారణ సంఘం 1960 ప్రాంతంలో నాలుగు రంగుల వజ్రాకార గుర్తును తెచ్చింది. ఎరుపు మంటకు, నీలం ఆరోగ్యానికి. మిథనాల్‌కు ఎరుపు గడిలో 3 వేసి, నీలం గడిలో 1 వేశారు. నాలుగింట ఒకటి! మంట ఆర్పడానికి వచ్చిన సిబ్బందికి కొద్దిసేపట్లో ఎదురయ్యే ప్రమాదమే ఆ అంకెకు కొలత. తాగే మనిషి గాని, నెలల తరబడి పీల్చే కార్మికుడు గాని ఆ గుర్తు పరిధిలో లేరు. తనవరకు సరైన అంకే. గోడ మీద దాన్ని చూసి 'పెద్ద విషమేం కాదులే' అనుకున్నవాడికి మాత్రం తప్పుడు అంకె.

మంట విషయంలోనూ మిథనాల్‌కు తనదైన స్వభావం ఉంది. పట్టపగలు దాని మంట దాదాపు కనిపించదు, పొగ రాదు. 1981 ఇండియానాపొలిస్ 500 కారు పందెంలో పిట్‌లో మిథనాల్ ఇంధనం చిమ్మి డ్రైవర్ రిక్ మియర్స్ కాలిపోతుంటే, చుట్టూ ఉన్నవాళ్లకు అతడెందుకు చేతులు విసురుతున్నాడో కొన్ని క్షణాలు అర్థం కాలేదు. విచిత్రమేమిటంటే, 1964లో పెట్రోల్ మంటల్లో ఇద్దరు డ్రైవర్లు పోయాకే నీళ్లతో ఆర్పవచ్చని ఆ పందేలు మిథనాల్‌కు మారాయి.

ట్యాంకు లోపలి గాలి మరో చిక్కు. మిథనాల్ ఫ్లాష్ పాయింట్ 11 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. గాలిలో దాని ఆవిరి 6 నుంచి 36 శాతం మధ్య ఉంటే నిప్పు తగిలితే చాలు, అంటుకుంటుంది. మూసిన ట్యాంకులో 20 డిగ్రీల దగ్గర ఆవిరి 13 శాతం దాకా, 40 డిగ్రీల దగ్గర 35 శాతం దాకా చేరుతుంది. పెట్రోల్ ట్యాంకులో ఆవిరి మరీ చిక్కబడి అంటుకునే హద్దు దాటిపోతుంది. మిథనాల్‌కు ఆ వెసులుబాటు లేదు. మన సంక్రాంతి చలి నుంచి రోహిణి కార్తె ఎండ దాకా ట్యాంకు లోపలి గాలి అంటుకునే స్థితిలోనే ఉంటుంది. నైట్రోజన్ నింపకపోతే ఏ నెలలోనైనా అది సిద్ధంగా ఉన్న బాంబే. ఎర్తింగ్ లేకుండా డ్రమ్ము నుంచి డ్రమ్ముకు వంపడం, మిథనాల్ ఉన్న రియాక్టర్ మూత తీసి పొడిని సంచితో కుమ్మరించడం, ఈ రెండూ స్టాటిక్ కరెంటు నిప్పురవ్వకు తలుపు తెరిచే పనులు. అంటుకుంటే మామూలు నురుగు దీనిలో కరిగిపోతుంది, ఆల్కహాల్‌ను తట్టుకునే ప్రత్యేక నురుగు ఉండాలి. నాలుగో వంతు మిథనాల్ ఉన్న నీళ్లు కూడా మన ఎండాకాలంలో అంటుకోగలవు.

రవాణా వాళ్లు మాత్రం మొదటినుంచీ కాస్త తెలివిగానే ఆలోచించారు. ప్రమాదకర సరుకులపై ఐక్యరాజ్యసమితి సిఫారసుల పుస్తకం 1956లో మొదలైంది. అది మిథనాల్‌ను మండే ద్రవాల తరగతి 3లో పెట్టి, పక్కనే ఉపప్రమాదంగా 6.1 అంటే విషం అని చేర్చింది. ఒకే పదార్థానికి రెండు ముఖాలున్నాయని ఒక లారీ పలక ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు. ఫ్యాక్టరీ గాలికి ఎనిమిది గంటల సగటున 200 పీపీఎం హద్దు వేరే పుస్తకంలో ఉండేది. ఆ హద్దు దాటాక కూడా చాలామంది ముక్కుకు వాసన తగలదు.

మన దేశంలో భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాతే కళ్లు తెరుచుకున్నాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. కార్మికుడికి తాను ముట్టుకునేదేమిటో చెప్పాలన్న మాట చట్టంలోకెక్కింది. ప్రపంచవ్యాప్తంగా చెల్లాచెదురుగా ఉన్న గుర్తులను ఒక్కటి చేయాలన్న నిర్ణయం 1992 రియో సదస్సులో జరిగి, 2003లో జీహెచ్‌ఎస్ పుస్తకంగా వెలువడింది. మంట, పుర్రె, పగిలిన ఛాతీ పక్కపక్కన చేరింది అప్పుడే. ఆ మూడో బొమ్మ కంటి నరం కోసం పెట్టినదని యార్డులో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

బొమ్మలు కుదిరాయి. డ్రమ్ము దాటాక ఏం జరుగుతుంది? 2015-16లో దక్షిణ కొరియాలో స్మార్ట్‌ఫోన్ల విడిభాగాలు చెక్కే చిన్న కార్ఖానాల్లో యువ కార్మికుల చూపు పోయింది. ఇథనాల్ (మామూలు ఆల్కహాల్) ఖరీదని మిథనాల్ వాడారు. వాళ్లు కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్లు. తాము పీల్చేదేమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నూరేళ్ల కిందటి బీరు పీపాల కూలీలకూ వీళ్లకూ మధ్య సైన్సు ఎంతో మారింది, కూలీ పరిస్థితి మారలేదు.

మన దగ్గర డ్రమ్ము దాటిన ద్రవం ఎక్కువగా సారా సీసాలోకి చేరింది. 1981లో బెంగళూరులో మూడు వందల మందికి పైగా, 1982 ఓణం వేళ కేరళలోని వైపిన్‌లో 77 మంది, 2009లో అహ్మదాబాద్‌లో వందకు పైగా, 2011లో బెంగాల్‌లోని సంగ్రామ్‌పూర్‌లో నూటయాభైకి పైగా, 2015లో ముంబై మాల్వణిలో వందకు పైగా, 2022లో గుజరాత్‌లోని బోటాద్, 2024లో తమిళనాడులోని కళ్లకురిచ్చి. జాబితా ఇక్కడ ఆపుతున్నాను, అది అక్కడితో ఆగుతుందని కాదు. 2020 జులై చివర్లో మద్యం దొరకని ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు. సీసా మీద ఏం రాసి ఉందో చదివే స్థితిలో ఉన్నవాడు దాన్ని తాగడు.

రంగు కలపవచ్చు కదా, చేదు కలపవచ్చు కదా అని ప్రతి దుర్ఘటన తర్వాతా అడుగుతారు. కార్ల అద్దాలు తుడిచే ద్రవం లాంటివాటికి ఆ ఆలోచన పనికొస్తుంది. యూరప్ అయితే 2018లో అందులో మిథనాల్‌ను 0.6 శాతానికి పరిమితం చేసి జనానికి అందకుండానే చేసింది. మందుల ఫ్యాక్టరీకి మాత్రం ఇది కుదరదు. కలిపిన రంగైనా, చేదైనా చివరికి మాత్రలో మలినంగా తేలుతుంది. స్వచ్ఛంగా ఉండటమే ఆ ద్రావకానికి విలువ, దొంగకూ ఆ స్వచ్ఛతే విలువ. అందుకే ఇక్కడ కాపలా అంతా తాళం మీద, స్టాక్ రిజిస్టర్ మీద, 1919 నాటి విషాల చట్టం కింద రాష్ట్రాలిచ్చే లైసెన్సుల మీద ఆధారపడి ఉంది. వాడేసిన ద్రావకం వంతు ఇంకా కష్టం. యార్డులో 'స్పెంట్' అని రాసిన డ్రమ్ములో మిథనాల్ ఎంతో, అసిటోన్ ఎంతో, నీళ్లెంతో బ్యాచ్‌ను బట్టి మారుతుంది. ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం దానితో ఒక మ్యానిఫెస్టు కాగితం వెళ్తుంది. ఆ డ్రమ్ము రికవరీ యూనిట్‌కు చేరి, బట్టీ పట్టి, శుద్ధమై, మళ్లీ యూఎన్ 1230గా బయటికొచ్చే దాకా దానిలో ఏముందో చెప్పేది ఆ ఒక్క కాగితమే.