కింద నేల లేని ఇల్లు

కారవాన్ అనగానే మన కుప్పం, పుంగనూరు వైపు జనానికి సినిమా షూటింగే గుర్తొస్తుంది. చింతతోపు పక్కన జనరేటరు మోగుతూ ఉంటుంది, ఆ పక్కనే తెల్లగా ఓ పెద్ద బండి, దాని మెట్ల దగ్గర తొంగిచూసే పిల్లలు. ఆ బళ్లలో చాలావరకు రోజు బాడుగకు వచ్చినవే. షూటింగు ముగిస్తే బండి వెళ్లిపోతుంది, దాన్ని ఎక్కడ నిలపాలన్న బెంగ నిర్మాతకు ఉండదు. ఇంకాస్త వయసున్నవాళ్లకు మరో బండి కూడా గుర్తుండాలి. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును మార్పించుకుని చైతన్యరథం అని పేరు పెట్టారు. కొడుకు హరికృష్ణ తోలుతుంటే 1983 జనవరి ఎన్నికల దాకా రాష్ట్రమంతా తిరిగారు. నెలల తరబడి అదే ఆయనకు ఇల్లు, అదే వేదిక. అలాంటి పనికి బాడుగ బండి కుదరదు. నేనుండే అమెరికాలో మోటార్ హోమ్ అనే చక్రాల మీది ఇంటిని కొనాలా, బాడుగకు తీసుకోవాలా అని జరిగే వాదనంతా నాకు ఈ రెండు బళ్ల మధ్య తేడాలాగే కనిపిస్తుంది. ఇక్కడి తెలుగు కుటుంబాల్లోనూ ఈ మాట తరచుగా వస్తుంది, ముఖ్యంగా ఇంట్లో కుక్కో పిల్లో చేరాక. సెలవుల కోసమే అయితే బాడుగే మేలని నా అభిప్రాయం. కానీ ఇక్కడివాళ్లు కొనడానికే ఎందుకు మొగ్గుతారో అర్థం కావాలంటే ముందు ఈ దేశం కథ కొంచెం తెలియాలి.

ఆ కథలో కుక్క మొదటినుంచీ ఉంది. 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు, కారు మీద దేశాన్ని దాటడం అసాధ్యమన్నవాళ్లతో 50 డాలర్లు పందెం కాశాడు. అప్పటికే ఒకరు వాడిన వింటన్ కారు కొని, సూయల్ క్రాకర్ అనే మెకానిక్కును వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరాడు. దారిలో ఐడహోలో బడ్ అనే కుక్క తోడైంది. పైకప్పు లేని కారు, పశ్చిమాన ఉప్పు నేలల ధూళి. కుక్క కళ్లు ఎర్రబడి మండుతుంటే దానికీ మోటారు కళ్లద్దాలు పెట్టారు. 63 రోజులకు న్యూయార్కు చేరారు. ఆ కారు ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కుక్కతో సహా రోడ్డెక్కి, చీకటి పడ్డ చోట ఆగడమే స్వేచ్ఛ అన్న భావానికి ఈ దేశంలో ఇంత పాత బొమ్మ ఉంది. 1910లో పియర్స్-యారో కంపెనీ టూరింగ్ ల్యాండో అనే కారును చూపించింది. అందులో వెనక సీటు పడకగా మారేది, చేతులు కడుక్కునే తొట్టి కూడా ఉండేది. 1915లో యెల్లోస్టోన్ పార్కు కార్లను లోపలికి రానిచ్చింది, మరుసటి ఏడాదే నేషనల్ పార్కు సర్వీసు ఏర్పడింది. ఆ రోజుల్లోనే హెన్రీ ఫోర్డ్, ఎడిసన్, ఫైర్‌స్టోన్ కలిసి ఏటా గుడారాలేసుకుని తిరిగేవారు. నౌకర్లూ వంటవాళ్లూ వెంట ఉన్న ఆ వైభవం గురించి పత్రికలు రాశాయంటే, కార్లు అమ్మేవాళ్లకు అంతకంటే మంచి ప్రకటన ఏం కావాలి? 1919లో ఫ్లారిడాలోని టంపాలో టిన్ కాన్ టూరిస్ట్స్ అనే సంఘం పుట్టింది. చలికాలం దక్షిణాదికి కార్లలో వచ్చి, డబ్బాల తిండి తింటూ, గుడారాల్లో నెలలు గడిపే మామూలు జనం వాళ్లు. సొంత బండి వాళ్లకు అవసరం, ఎందుకంటే వాళ్లు అందులోనూ దాని పక్కనా బతికేవారు.

ఈ పాయ ఇంకొక పెద్ద ప్రవాహంలో కలిసింది. అమెరికా ప్రభుత్వం తన జనానికి నూరేళ్లకు పైగా ఒకే పాఠం చెప్పింది: సొంతం చేసుకో. 1862 హోమ్‌స్టెడ్ చట్టం అయిదేళ్లు సేద్యం చేసినవాడికి 160 ఎకరాలు ఇచ్చింది. ఆ నేల అంతకుముందు ఎవరిదో అడిగితే కథ వేరేలా ఉంటుంది. 1934లో ఇళ్ల అప్పులకు సర్కారు పూచీ వచ్చింది, 1944 తర్వాత యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు తేలిక అప్పులు వచ్చాయి, 1956లో ఐసెన్‌హోవర్ సంతకంతో దేశాన్నంతా కలిపే 41,000 మైళ్ల హైవేల పథకం వచ్చింది. ఇల్లు కొనడం అలవాటైన జనం, రోడ్లు వచ్చాక చక్రాల మీది ఇంటినీ అదే కంటితో చూశారు. 1966లో ఐయోవాలోని ఫారెస్ట్ సిటీ నుంచి విన్నెబాగో కంపెనీ మోటార్ హోములను అప్పటి బళ్ల ధరలో దాదాపు సగానికే తెచ్చింది. ఆదాయపు పన్ను చట్టం కూడా తోడైంది. బండిలో పడక, వంట వసతి, మరుగుదొడ్డి ఉంటే దాన్ని రెండో ఇల్లుగా లెక్కించి అప్పు వడ్డీకి మినహాయింపు అడగవచ్చు. చట్టమే ఇల్లంటున్నప్పుడు జనం కాదంటారా? కానీ ఇంటికి విలువ పెరిగేది గోడల వల్ల కాదు, కింది నేల వల్ల. కుప్పంలో పాత పెంకుటిల్లు కూలిపోయినా స్థలం ధర పెరుగుతూనే ఉంటుంది. మోటార్ హోముకు కింద ఉన్నది ఆరు టైర్లు. 2017లో పన్ను చట్టం మారి, ఖర్చులు విడివిడిగా చూపకుండానే దొరికే స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపు అయ్యాక చాలా కుటుంబాలు వడ్డీ మినహాయింపు జోలికే పోవడం లేదు, కాబట్టి ఆ లాభమూ చాలామందికి కాగితాల మీదే మిగిలింది.

ఉదాహరణకు లక్ష డాలర్ల బండి అనుకుందాం. కొత్తదైతే మధ్యరకం బండికి కూడా ఇది పెద్ద ధర కాదు. మొదటి ఏడాదిలోనే అయిదో వంతు విలువ పోవడం మామూలు. పదేళ్లకు 40,000 మిగిలిందనుకుంటే పోయింది 60,000. ఇన్సూరెన్సుకు ఏడాదికి వెయ్యి, పార్కింగు చోటుకు నెలకు వంద, టైర్లకూ బ్యాటరీలకూ కారే పైకప్పుకూ ఏడాదికి మరో వెయ్యి వేస్తే, అప్పు వడ్డీ కలపకుండానే ఏడాదికి 9,000 దాటుతుంది. అదే బండి బాడుగకు రాత్రికి 250 డాలర్లు అనుకుంటే ఆ సొమ్ముకు 36 రాత్రులు వస్తాయి. మరి ఏడాదికి 36 రాత్రులు సెలవు ఎవరికి ఉంది? అమెరికాలో జీతంతో కూడిన సెలవు ఇన్ని రోజులు ఇవ్వాలని ఏ ఫెడరల్ చట్టమూ చెప్పదు. రెండు వారాలు దొరికితే చాలనుకునేవాళ్లే ఎక్కువ. పైగా లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు తిరిగే ఈ బండికి పెట్రోలు ఖర్చు సొంతమైనా బాడుగైనా ఒకటే. పార్కింగు చోటు అనవసరంగా కలిపానని అనుకోవద్దు. చాలా కాలనీల్లో ఇళ్ల యజమానుల సంఘాలు వాకిట్లో మోటార్ హోము నిలపనివ్వవు. అంటే చక్రాల మీది ఇంటిని ఇంకొకరి స్థలంలో బాడుగకు ఉంచాలి. బాడుగ వద్దని కొన్నవాడు నెలనెలా బాడుగ కట్టడమే ఇది!

సొంతదారు పనుల్లో ఒకదాన్ని దగ్గరగా చూపిస్తాను, ప్రకటనల్లో అది కనిపించదు. బండి కింద వాడిన నీళ్లకు రెండు ట్యాంకులు ఉంటాయి, ఒకటి వంటింటి నీళ్లకు, ఇంకోటి మరుగుదొడ్డికి. మూడు నాలుగు రోజులకోసారి డంప్ స్టేషన్ దగ్గర బండి నిలిపి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, లావాటి గొట్టాన్ని బండికి తిప్పి బిగించి, రెండో కొస నేలలోని రంధ్రంలో పెట్టి, ముందు మురికి ట్యాంకు, తర్వాత నీళ్ల ట్యాంకు వదలాలి. నీళ్ల ట్యాంకును చివర వదిలేది గొట్టం కడుక్కుపోవడానికే. బాడుగకు తెచ్చుకున్నవాడూ ఈ పని చేస్తాడు, కానీ సెలవులైన రోజున తాళాలు తిరిగి ఇచ్చేస్తాడు. నీళ్ల గొట్టాలు చలికి గడ్డకట్టి పగలకుండా మందు పోయడం, సీలుల్లో పగుళ్లు వెతకడం, ఆర్నెల్లు కదలని బండి టైర్లు ఎండకు చెడకుండా చూడడం, ఇవన్నీ మిగతా యాభై వారాలూ చూసుకోవలసింది సొంతదారే.

ఇక కుక్క మాట. కొనాలనేవాళ్ల చేతిలో అన్నిటికన్నా బలమైన వాదన ఇదే. మన పల్లెల్లో జాతరకు గూడు బండి కట్టుకుని సద్ది మూట పెట్టుకుని పోతే కుక్క ఇంటికి కాపలా, దాన్ని చూసుకునేది ఇరుగుపొరుగు. ఎద్దులే బండి లాగేవి, వాటిని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నే రాదు. ఇక్కడ ఆ ఇరుగుపొరుగు లేదు. కుక్కను బోర్డింగులో వదిలితే రాత్రికి యాభై డాలర్ల దాకా అవుతుంది, వదిలినవాళ్లకు బెంగ సరేసరి. సొంత బండి అయితే కుక్కకు దాని పరుపు, దాని వాసన ఉంటాయి. వెంట్రుకలు రాలితే కంపెనీ శుభ్రం చేసే ఖర్చు వసూలు చేయదు. అంతకుముందు ఎక్కిన కుక్క వదిలిన పేలు, పిడుదులు మన దానికి అంటవు. ఈ మాటల్లో నిజం ఉంది, కాదనను. ఈ వాదనకు సాక్ష్యంగా అందరూ జాన్ స్టైన్‌బెక్‌ను చూపిస్తారు. 1960లో ఆయన ఒక ట్రక్కు మీద చిన్న ఇల్లు ప్రత్యేకంగా చేయించుకుని, రోసినాంటే అని పేరు పెట్టి, చార్లీ అనే పూడుల్ కుక్కతో సుమారు 10,000 మైళ్లు తిరిగాడు. 1962లో వచ్చిన ఆయన పుస్తకం చదివి బండి కొన్నవాళ్లు ఎందరో. కానీ ఆ సాక్ష్యం నా వైపే ఉంది. ఆ బండి చేయించింది ఒకే ప్రయాణం కోసం. తర్వాత దాన్ని అమ్మేశాడు, ఇప్పుడది కాలిఫోర్నియాలో సలీనాస్ మ్యూజియంలో ఉంది. చార్లీకి కావలసింది సొంత బండి కాదు, యజమాని పక్కన సీటు.

కుక్కతో సెలవులకు పోయేవాడు లెక్క వేసుకోవలసింది బండి ఎవరిదన్నది కాదు, కుక్క ఎక్కడెక్కడ దిగగలదన్నది. యెల్లోస్టోన్‌లో కుక్కకు నడక దారుల్లోకి, చెక్క వంతెనల మీదికి ప్రవేశం లేదు. ఆరడుగులకు మించని తాడుతో, రోడ్లకూ పార్కింగుకూ నూరడుగుల లోపలే తిప్పాలి. వేడి నీళ్ల బుగ్గలు చూడాలంటే ఎవరో ఒకరు బండిలో దానితో ఉండిపోవాలి. దాన్ని ఒంటరిగా వదిలితే ఎండ ప్రమాదం. బయట 21 డిగ్రీలే ఉన్నా, మూసిన కారులో అరగంటకు 40 డిగ్రీలకు చేరుతుంది. ఏసీ వేసి పోయినా క్యాంప్‌గ్రౌండులో కరెంటు పోతే గతేమిటి? మన వాళ్లకు కరెంటు కోత సంగతి చెప్పక్కర్లేదు. ఈ కష్టాలన్నీ సొంత బండిలోనూ అలాగే ఉంటాయి. మొదట వారం రోజులకు బాడుగకు తీసుకుంటే కుక్క ఆ ఊగే ఇంట్లో నిద్రపోతుందో, రాత్రంతా మొరుగుతుందో తెలిసిపోతుంది. బాడుగ బండ్లలో కుక్కలను రానివ్వరన్నది చాలావరకు పాత మాట. 1972 నుంచి ఉన్న క్రూజ్ అమెరికా వంటి పెద్ద కంపెనీ కూడా పెంపుడు జంతువులను రానిస్తుంది, బండి పాడైతే శుభ్రతకు వసూలు చేస్తుంది. మోటెళ్లలోనూ రానిచ్చేవి బోలెడు.

బాడుగ సొమ్ము బూడిదలో పోసిన పన్నీరే కదా, సొంతమైతే కనీసం వస్తువు మిగులుతుంది అనేవారికి జవాబు పైన చెప్పాను: మిగిలేది కరిగిపోయే వస్తువు. జూలైలో బాడుగ బళ్లు దొరకవన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే, నెలల ముందు బుక్ చేయాలి. అయితే మంచి క్యాంప్‌గ్రౌండుల్లో చోటు కూడా నెలల ముందే నిండిపోతుంది, సొంత బండి ఉన్నంత మాత్రాన ఆ చోటు దొరకదు. మన వాళ్లకు ఇంకో లెక్క ఉంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడు ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి చూసుకోవాలి. గ్రీన్ కార్డు క్యూలో భారతీయుల వంతు ఏళ్ల తరబడి రాదు. అలాంటివాడు పదిహేనేళ్ల అప్పు మీద ముప్పై అడుగుల బండి కొనడాన్ని నేను ధైర్యం అనలేను. వంట విషయంలో మాత్రం మోటార్ హోమంటే మన వాళ్లకు అంత మోజెందుకో నాకు అర్థమవుతుంది. కుప్పం నుంచి పెద్దవాళ్లు వస్తే మూడు పూటలా శాండ్‌విచ్‌లు పెట్టలేం, ఆ గ్యాసు పొయ్యి మీద రాగి సంగటి కెలికి పెట్టవచ్చు. అయితే ఆ పొయ్యి బాడుగ బండిలోనూ ఉంటుంది.

కొనవలసినవాళ్లు లేరని కాదు. రిటైరై, ఇల్లు అమ్మేసి, చలికాలం అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో, వేసవిలో ఉత్తరాన బతికే వృద్ధ దంపతులు, వాళ్ల కాళ్ల దగ్గర ముసలి కుక్క. వాళ్లకు అది సెలవు బండి కాదు, ఇల్లే. వాళ్లు టిన్ కాన్ టూరిస్ట్స్ వారసులు. తప్పు లెక్క వేసుకున్నది వాళ్లను చూసి కొన్నవాళ్లు. కరోనా కాలంలో ఆ గుంపు పెరిగింది. 2021లో కంపెనీలు, కారు వెనక తగిలించే ట్రైలర్లతో కలిపి, 6,00,240 బళ్లు పంపితే, 2023 నాటికి ఆ సంఖ్య 3,13,174కు పడిపోయింది. అప్పుడు కొన్నవాటిలో చాలా బళ్లు ఇప్పుడు అవుట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ యాప్‌ల్లో బాడుగకు తిరుగుతున్నాయి. అప్పు వాయిదాకు అదే ఆధారం. కుక్కకోసమే కొన్నామని చెప్పినవాళ్లలో ఎంతమంది ఆ జాబితాలో ఉన్నారో గానీ, బండి బొమ్మ కింద యజమాని పెట్టిన షరతులు చదువుతూ పోతే చాలా చోట్ల కనిపిస్తుంది: పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు.