డబ్బాలో భారతదేశం: జపాన్ కరీ పొడి వెనుక చరిత్ర

1915 డిసెంబరు మొదట్లో ఒక రాత్రి. టోకియోలో తొయామా మిత్సురు అనే జాతీయవాద నాయకుని ఇంటి ముందు పోలీసులు కాపు కాశారు. లోపలికి వెళ్లిన ఇద్దరు భారతీయులు ఏదో ఒక సమయాన బయటికి రాక తప్పదని వారి ధీమా. ఆ ఇద్దరూ పెరటి దారిన జారుకుని, షింజుకులోని ‘నకామురాయా’ అనే రొట్టెల దుకాణం వెనుక, ఒకప్పుడు చిత్రకారులు బొమ్మలు వేసుకున్న గదిలో తలదాచుకున్నారు. వారిలో ఒకరు రాస్ బిహారీ బోస్. 1912 డిసెంబరు 23న ఢిల్లీ చాందినీ చౌక్‌లో వైస్రాయ్ హార్డింజ్‌పై జరిగిన బాంబు దాడికి సూత్రధారి. 1915 ఫిబ్రవరిలో సైనికుల తిరుగుబాటుకు గదర్ వీరులతో కలిసి పథకం వేసి, అది బయటపడటంతో రవీంద్రుని బంధువు పి.ఎన్. ఠాకూర్‌నన్న మారుపేరుతో ఓడెక్కి జపాన్ చేరిన మనిషి.

పన్నెండేళ్ల తరువాత, 1927లో, అదే దుకాణం ఒక ఫలహారశాలను తెరిచింది. అక్కడి వంటకాల పట్టికలో ‘శుద్ధ భారతీయ పద్ధతి కరీ’ అన్న పేరు కనబడింది. నగరంలో మామూలు కరీ అన్నం 10, 12 సెన్‌లకు దొరికే రోజుల్లో దీని ధర 80 సెన్‌లు. ఆ వంటను ప్రతిపాదించినవాడు రాస్ బిహారీయే. బాంబులు, తిరుగుబాట్లు, అజ్ఞాతవాసం గడిచిన మనిషికి కూర మీద అంత పట్టుదల ఎందుకు? ఆ నాటికే జపాన్ ప్రతి వీధిలోనూ కరీ ఉంది కదా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ఒక చిన్న రేకు డబ్బా మూత తీయాలి. జపాన్ వాసులు భారతదేశపు రుచి అనుకుని తిన్నది నిజానికి లండన్ నుంచి వచ్చిన పొడి.

లండన్ అంగడిలో పుట్టిన పొడి

తెలుగు ఇంట్లో పొడులకు కొదవ లేదు. కందిపొడి, కారప్పొడి, సాంబారు పొడి, కూరపొడి, ధనియాల పొడి – ఒక్కొక్క దానికి ఒక్కొక్క పని. అన్ని కూరలకూ ఒకే పొడి అనే ఆలోచన మాత్రం ఈ వంటిళ్లలో పుట్టినది కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇక్కడ ఏళ్ల తరబడి గడిపి స్వదేశం చేరిన ఇంగ్లీషు దొరలకు ఆ రుచి కావాలి. దానిని వండిపెట్టిన వంటవాడు మాత్రం వెంట లేడు. అతని చేతిలోని నేర్పును డబ్బాలోకి ఎక్కించడమే వారికి తోచిన మార్గం. 1784 నాటికే లండన్ పికడిలీలోని ఒక పరిమళద్రవ్యాల అంగడి కరీ పొడిని అమ్ముతున్నట్లు పత్రికా ప్రకటన ఇచ్చింది. బెంగాలు చేపల పులుసు, మద్రాసు పులుసు, లక్నో కుర్మా – వీటి మధ్య ఉన్న తేడాలన్నీ ఆ డబ్బాలో మాయమయ్యాయి. పాలకునికి దేశం ఒక్కటే పటం, ఒక్కటే పద్దు. అలాగే రుచి కూడా ఒక్కటే పొడి.

పంతొమ్మిదో శతాబ్దిలో క్రాస్ అండ్ బ్లాక్‌వెల్ వంటి సంస్థలు ఆ పొడిని ప్రపంచమంతటా అమ్మాయి. 1853లో అమెరికన్ యుద్ధనౌకలు జపాన్ గుమ్మం తట్టాయి. 1859లో యొకొహామా రేవు విదేశీయులకు తెరుచుకున్నది. వారి ఓడల వెంట వారి వంటలూ దిగాయి. 1860లో ఫుకుజావా యుకిచి వెలువరించిన పదకోశంలో ‘కరీ’ అన్న మాట అప్పటికే ఉంది. 1872లో టోకియోలో అచ్చయిన రెండు పాశ్చాత్య వంటల పుస్తకాలలోనూ కరీ తయారీ విధానం ఉంది. ఒకదానిలో కప్ప మాంసం కూడా వేయమన్నారు. ఆ పుస్తకాల పేర్లలోనే అసలు సంగతి ఉంది: జపాన్ దృష్టిలో కరీ ‘పాశ్చాత్య’ వంట. భారతదేశం దాని జన్మస్థలమని తెలిసినా, దానికి గౌరవం వచ్చింది ఇంగ్లండు బల్ల మీద ఉండటం వలన.

నౌకాదళపు పళ్లెం

ఆ పళ్లెం సామాన్యుని ఇంటికి చేరిన దారి సైనిక శిబిరాల గుండా పోయింది. మెయిజీ కాలపు నౌకాదళాన్ని బెరిబెరి పట్టి పీడించింది. 1882లో న్యూజిలాండ్, దక్షిణ అమెరికా, హవాయి దీవుల మీదుగా ప్రయాణానికి బయలుదేరిన ర్యూజో నౌకలో 376 మంది ఉంటే, 169 మంది జబ్బు పడ్డారు, 25 మంది మరణించారు. లండన్‌లో చదువుకున్న నౌకాదళ వైద్యుడు తకాకి కానెహిరో లోపం భోజనంలో ఉందని అనుమానించాడు. నావికులు తింటున్నది దాదాపుగా తెల్ల అన్నమే. 1884లో త్సుకుబా నౌకను అదే దారిన పంపి, మాంసం, బార్లీ, పప్పుధాన్యాలు పెంచిన భోజనం పెట్టించాడు. ఈసారి బెరిబెరితో ఒక్క ప్రాణమూ పోలేదు. మాంసకృత్తుల కొరతే కారణమని తకాకి నమ్మాడు, అది పొరపాటు. అసలు లోపం ఆ తరువాత విటమిన్ బి1గా గుర్తింపు పొందిన పదార్థానిది. కారణం తప్పినా మందు మాత్రం తగిలింది.

సైనిక దళ వైద్యాధికారులు దీనిని అంగీకరించలేదు. జర్మనీలో చదివి వచ్చిన మోరి రింతారో – సాహిత్యలోకానికి మోరి ఓగాయ్ – వంటివారు ఆ రోగానికి క్రిములే కారణమన్న వాదం వైపు నిలిచారు. ఆ మొండితనానికి మూల్యంగా 1904–05 రష్యా యుద్ధంలో సుమారు 27 వేల మంది జపాన్ సైనికులు బెరిబెరికే బలయ్యారు. దేశాధికారులు తాము నమ్మిన సిద్ధాంతం కోసం కళ్లెదుటి సాక్ష్యాన్ని తోసిపుచ్చితే ప్రాణాలు ఇచ్చేది ఎవరో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

నౌకాదళపు కొత్త భోజన విధానంలో మాంసం, కూరగాయలు, గోధుమపిండి కలిసి ఒకే గిన్నెలో ఒదిగే వంట కావాలి; అది అన్నంతో తినేలా ఉండాలి. బ్రిటిషు నావికుల కరీ అందుకు సరిగ్గా సరిపోయింది. 1908 నాటి నౌకాదళ వంటల గ్రంథంలో ఆ విధానం స్పష్టంగా ఉంది: పశువు కొవ్వులో గోధుమపిండిని రంగు మారేదాకా వేయించి, కరీ పొడి కలిపి, మాంసం, ఉల్లి, క్యారెట్, బంగాళాదుంపలతో చిక్కగా ఉడికించాలి. 1910లో పదాతి దళపు వంటల పుస్తకంలోకీ కరీ వచ్చింది. సేవ ముగించుకుని పల్లెలకు తిరిగి వెళ్లిన యువకులతో పాటు ఆ రుచీ వెళ్లింది.

1905: ఒక సంవత్సరం, మూడు సంఘటనలు

1905లో బెంగాలు విభజనకు నిరసనగా స్వదేశీ ఉద్యమం రగిలింది. రష్యాపై జపాన్ గెలుపు ఆసియా అంతటా ఆశలు రేపింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం, మచిలీపట్నం వంటి ఊళ్లలో ప్రసంగించే నాటికి తెలుగు యువకుల నోట వందేమాతరం మారుమోగింది. అదే 1905లో ఒసాకాలోని ఒక మందుల వర్తకుడు జపాన్‌లో తొలి స్వదేశీ కరీ పొడిని అమ్మకానికి పెట్టాడు. మందుల కొట్టుకూ కరీ పొడికీ సంబంధం విడ్డూరమేమీ కాదు. పసుపు, దాల్చినచెక్క, లవంగం, సోంపు, ఎండబెట్టిన నారింజ తొక్క – ఇవన్నీ జపాన్ సంప్రదాయ వైద్యుల సొరుగుల్లో తరతరాలుగా ఉన్నవే. విదేశీ డబ్బాలోని వాసన తన గోదాములోని వాసనేనని ఆ వర్తకుడు పసిగట్టాడు.

అదే సంవత్సరం మూడో సంఘటన కూడా జరిగింది. బ్రిటన్, జపాన్‌ల సైనిక సంధిని పునరుద్ధరిస్తూ భారతదేశాన్ని కూడా దాని పరిధిలోకి తెచ్చారు. భారతీయులు ఎవరి గెలుపును చూసి పొంగిపోయారో, ఆ జపానే వారి పాలకునికి అండగా నిలుస్తానని సంతకం చేసింది. పదేళ్ల తరువాత రాస్ బిహారీకి దేశబహిష్కార ఉత్తర్వు అందడం ఆ చెలిమి ఫలితమే.

స్వదేశీ పొడి వచ్చినా జపాన్ హోటళ్లు చాలాకాలం దానిని నమ్మలేదు. ఇంగ్లండు ముద్ర లేనిదే అసలుది కాదన్నది వంటవారి విశ్వాసం. యమజాకి మినెజిరో 1923లో కరీ పొడి తయారుచేశాడు. తరువాత ఎస్ అండ్ బి సంస్థగా పేరు పొందినది ఆయన వ్యాపారమే. ఆయన పొడికీ అదే చిక్కు ఎదురైంది. 1931లో ఒక మోసం బయటపడింది. దిగుమతి డబ్బాలలో చౌకైన స్థానిక పొడి నింపి ఇంగ్లండు సరుకుగా అమ్ముతున్నారు. కుంభకోణం కన్నా అందులో తేలిన నిజం పెద్దది: తిన్నవారెవరూ తేడా గుర్తించలేదు. ఇంతకాలం వారు రుచి చూసినది డబ్బా మీది పేరునే. విదేశీ వస్త్రాల మంటల దగ్గర నిలబడి భారతీయులు అడిగిన ప్రశ్నను జపాన్ ఒక మోసం పుణ్యమా అని అడుక్కోవలసి వచ్చింది. స్థానిక పొడి తలెత్తుకున్నది ఆ తరువాతనే.

శుద్ధత అనే మాట

ఈ నేపథ్యంలో చూస్తే రాస్ బిహారీ పట్టుదల అర్థమవుతుంది. పిండి వేసి చిక్కబరచిన ఆ గోధుమరంగు ముద్ద ఆయన దృష్టిలో బ్రిటిషువారు తన దేశానికి తగిలించిన వేషం. దుకాణం యజమానులు సోమా ఐజో, కొక్కో దంపతులు ఆయనను దాచారు. 1918లో తమ కుమార్తె తొషికోనిచ్చి పెళ్లి చేశారు. 1923లో ఆయన జపాన్ పౌరుడయ్యాడు. 1925లో ఇద్దరు పసిపిల్లలను వదిలి తొషికో కన్నుమూసింది. ఆ రెండేళ్లకు ఎముకతో కూడిన కోడిమాంసం, విడి మసాలాలతో ఆ కరీ వచ్చింది. మొదట వాడిన పొడుగు గింజ బియ్యం జపాన్ నాలుకకు నచ్చకపోతే, మేలురకం స్థానిక బియ్యానికి మారారు. అందరూ ‘కరే’ అంటుంటే నకామురాయా ‘కరీ’ అనే రాసింది. దానికి ‘ప్రేమ, విప్లవాల రుచి’ అన్న పేరు నిలిచింది.

అయితే ఆ శుద్ధతను ప్రశ్నించకుండా వదలరాదు. ఒక బెంగాలీ విప్లవకారుని కోడికూరను గుంటూరు గృహిణి తన కూరగా ఒప్పుకుంటుందా? అనేక రుచుల దేశానికి సామ్రాజ్యం ఒక తప్పుడు పొడిని ప్రతినిధిగా నిలబెడితే, ప్రవాసి ఒక నిజమైన కూరను ప్రతినిధిగా నిలబెట్టాడు. రెండింటికీ తేడా ఉంది. మొదటిది అమ్మకపు సౌలభ్యం, రెండోది పరాయిగడ్డ మీద ఆత్మగౌరవం. ఐనా ఒకే రుచిని దేశమంతటికీ పేరుగా పెట్టడం రెండింటిలోనూ ఉంది.

మరో వైరుధ్యం ఇంకా లోతైనది. ఆయనకు ఆశ్రయమిచ్చిన ఆసియావాదులు బ్రిటన్ బానిసత్వం నుంచి భారత్‌ను విడిపించాలన్నారు. అదే జపాన్ జెండా కింద కొరియా, తైవాన్ నలుగుతున్నాయి. ఆ నోటికి రాస్ బిహారీ గట్టిగా ఎదురు చెప్పలేకపోయాడు. 1942లో ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కు నాయకత్వం వహించి, 1943లో పగ్గాలను సుభాష్ చంద్రబోస్‌కు అప్పగించి, 1945 జనవరి 21న టోకియోలో మరణించాడు. ఆ ఏడే ఆయన కుమారుడు మసహిదె జపాన్ సైనికుడిగా ఒకినావాలో ప్రాణం విడిచాడు. ఒక సామ్రాజ్యాన్ని కూల్చడానికి ఇల్లు విడిచిన తండ్రి. మరో సామ్రాజ్యాన్ని కాపాడుతూ నేలకొరిగిన కొడుకు. యుద్ధకాలంలో శత్రుభాషా పదాలను తుడిచిపెట్టే ఊపులో జపాన్ సైన్యం ‘కరీ అన్నం’ అన్న పేరునే తీసివేసి, ‘ఘాటైన రసం పోసిన అన్నం’ అని పిలిచింది. పేరు పోయినా పళ్లెం పోలేదు.

సీసాలో మిగిలినది

యుద్ధం తరువాత పొడి కూడా వెనుకబడింది. పిండి, కొవ్వు, మసాలా కలిపి గడ్డకట్టించిన దిమ్మలు వచ్చాయి. 1963లో ఆపిల్, తేనె రుచుల తియ్యని కరీ, 1968లో వేడిచేసుకుని తినే పొట్లం. ఈనాటి జపాన్ ఇళ్లలో ఎక్కువగా వాడేది ఆ దిమ్మలనే. పొడిని ఇంట్లోనే చేసుకునేవారు మాత్రం పాతదారి పడతారు. ధనియాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు, ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క, సోంపులను సన్నని సెగ మీద వాసన వచ్చేదాకా వేయిస్తారు. మెంతులు మాడితే అంతా చేదు. చల్లారాక మెత్తగా దంచి, ధనియాలకు ఇంచుమించు సమానంగా పసుపు, కొద్దిగా మిరపపొడి, ఎండిన నారింజ తొక్క పొడి కలుపుతారు. ఆ పసుపే దాని రంగు, ఆ తొక్కే దాని సంతకం. మొత్తాన్ని మరోసారి పొడి మూకుడులో గోరువెచ్చగా తిప్పి, గాలి చొరని సీసాలో, వెలుతురు తగలని చోట కొన్ని వారాలు ఉంచుతారు.

తెలుగు వంటింటికి ఈ చివరి పని వింతగా తోస్తుంది. ఇక్కడ పొడి కొట్టిన నాడే దానికి ఘుమఘుమ. అక్కడ మాత్రం ఒక్కొక్క దినుసూ తన మొన తగ్గించుకుని పక్కదానితో సర్దుకునేదాకా ఆగుతారు. ఆ సీసాలో పసుపు, మిరియం, ధనియం ఆసియావి; అన్నీ కలిపిన ఒకే పొడి అన్న ఊహ లండన్‌ది; నారింజ తొక్క జపాన్ మందుల కొట్టుది. ఏదీ మరొకదానిని తరిమివేయలేదు.

రాస్ బిహారీ కోరినది తన దేశానికి తన పేరు. ఆ హక్కును ఎవరూ కాదనలేరు. కానీ దేశాన్ని ఒకే పొడిగా మార్చి డబ్బాలో పెట్టాలనే కోరిక పరాయి పాలకులతోనే అంతరించిందనుకుంటే పొరపాటు. ఒకే భాష, ఒకే తిండి, ఒకే సంస్కృతి అన్న ముద్రలు నేడు అచ్చవుతున్నది లండన్‌లో కాదు. 1931లో జపాన్ వంటవారిలా, డబ్బా మీది పేరు చదివి లోపలి రుచి అదేనని నమ్మేవారు ఉన్నంతకాలం ఆ వ్యాపారం సాగుతూనే ఉంటుంది.